గాజుతొట్టిలో సముద్రము, మన యూరి యెండ

పట్టణములందు కలవారి యిండ్లలో గాజుతొట్టెలయందు పగడపు దిబ్బలను పెంచుట ఇప్పుడొక వేడుకయైనది. నీలికాంతిలో కదలాడు పగడపు జీవులను, వాని నడుమ తిరుగు నారింజవన్నె చేపలను, ఎర్రచారల రొయ్యలను చేతిఫోనులలో చూచి మన విద్యార్థులు ముచ్చటపడుచున్నారు. 2003లో 'ఫైండింగ్ నీమో' అను చలనచిత్రము వెలువడిన తరువాత తెల్లపట్టెల నారింజ చేపను పిల్లలందరు నీమో యనియే పిలుచుచున్నారు. మన పాఠశాలలో కూడ అట్టి తొట్టి యొకటి యుండిన బాగుండునని విద్యార్థులును, చందాలు వేసియైనను కొనియిత్తుమని కొందరు తల్లిదండ్రులును అనుచున్నారు. వారి యుత్సాహమును మేము మెచ్చుకొందుము. ఐనను మా సమాధానము వలదనియే. ఇందు సొమ్ము మాట రెండవది. మొదటిది నీటి వేడి.

పగడము రాయి కాదు, చెట్టు కాదు, అది జంతువు. ఒక్కొక్క జీవి మిక్కిలి చిన్నది. వేలకొలది జీవులు కలిసి సున్నపు గూడు కట్టుకొనగా, ఏండ్లు గడచినమీదట అది దిబ్బ యగును. ఈ జీవుల శరీరములో కంటికి కనబడని నాచు కాపురముండును. నాచు వెలుతురుతో ఆహారము తయారుచేసి పగడమునకు పెట్టును; పగడము దానికి తావిచ్చును. నీరు వేడెక్కినచో ఈ పొత్తు చెడును. పగడము నాచును వెడలగొట్టును. నాచుతో రంగును పోవును, తిండియును పోవును. లోపలి సున్నపు ఎముక తెల్లగా బయటపడును. దీనినే పగడము వెలవెలబోవుట యందురు. కొలది దినములలో నీరు చల్లబడినచో నాచు తిరిగి వచ్చి పగడము కోలుకొనవచ్చును. లేనిచో ఆకలితో చచ్చును.

ఇందులకు నీరు కాగనక్కరలేదు. ఆ ప్రదేశపు సముద్రమునకు అలవాటైన వేసవి గరిష్ఠముకంటె ఒక్క డిగ్రీ మించి నాలుగైదు వారములు నిలిచిన చాలును. 1998లోను, 2010లోను, 2016లోను లక్షద్వీపములయందలి పగడములు ఇట్లే వెలవెలబోయినవి. ప్రపంచమంతటను ఈ యుపద్రవము నాలుగవసారి వచ్చినదని అమెరికా దేశపు సముద్ర వాతావరణ సంస్థ 2024 ఏప్రిల్‌లో ప్రకటించెను. మనకు జ్వరము రెండు డిగ్రీలు పెరిగిన తల్లి రాత్రియంతయు మేలుకొని తడిగుడ్డ వేయును గదా! పగడమునకు ఒక్క డిగ్రీయే జ్వరము.

ఇండ్లలో పగడములను పెంచువారు తొట్టినీటిని 24 మొదలు 26 డిగ్రీల నడుమ ఉంచుటకు ప్రయత్నింతురు. ఇరువదియాఱు సంఖ్యకంటెను ముఖ్యమైనది నిలుకడ. పగలు 30, రాత్రి 24 అయి సరాసరి 27 వచ్చినదని సంతోషించుటకు వీలులేదు. ఒక దినములో ఒక డిగ్రీకి మించి నీటి వేడి ఊగిసలాడరాదు. సముద్రమునకు ఈ నిలుకడ పుట్టుకతో వచ్చినది. అంత నీరు వేడెక్కుటకు నెలలు పట్టును, చల్లారుటకు నెలలు పట్టును. గాజుతొట్టిలో నున్నది ఇరువది బిందెల నీరు. కిటికీ తలుపు తెరచిన వేడెక్కును, మూసిన చల్లబడును. 1961లో లీ చిన్ ఎంగ్ అను ఇండోనీషియావాసి, యంత్రముల పటాటోపము లేకుండ జీవముగల రాళ్ళతోను, గాలిబుడగలతోను ఇంటి తొట్టిలో పగడములను బ్రతికించు విధమును పత్రికలో ప్రకటించెను. అందరును ఆశ్చర్యపడిరి. ఆయన ఉన్నది జకార్తాలో. ఆయన తొట్టిలోని నీరు ఆ సముద్రమునది. ఆ యూరి గాలి ఏడాది పొడవునను ఇంచుమించు ఒకే వేడిమితో నుండును. ఆయన నేర్పులో సగము ఆ యూరి వాతావరణమునకు చెందవలెనని మా యభిప్రాయము.

మన సంగతి వేరు. రోహిణి కార్తెలో రోళ్ళు పగులునని మన పెద్దలు ఊరకే అనలేదు. ఇంద్రావతి ఇసుకలో మధ్యాహ్నము కాలు పెట్టినవారికి ఆ మాట బోధపడును. బయట 44, 45 డిగ్రీలు మనకు కొత్తకాదు. పెంకుటింటిలో నీడపట్టునకూడ 38 ఉండును. మూతవేసిన తొట్టి నెమ్మదిగా ఇంటిగాలి వేడిమికే చేరుకొనును.

పైగా తొట్టి తన వేడిని తానే పుట్టించుకొనును. నీటిని తిప్పుటకు అందులో మునిగియుండు మోటారు రేయింబవళ్ళు తిరుగవలెను. అది ఖర్చుచేయు విద్యుత్తంతయు చిట్టచివరకు వేడిగా మారి నీటిలోనే చేరును. ఎనిమిదవ తరగతివారు ఈ లెక్కను వేసి చూడవచ్చును. మోటారు 20 వాట్లు. తొట్టి 200 లీటర్లు. ఒక లీటరు నీటిని ఒక డిగ్రీ వేడిచేయుటకు సుమారు 4,200 జౌళ్ళు కావలెను. దినమునకు 86,400 సెకండ్లు. వేడి బయటికి పోవు దారి లేనిచో ఒక్క దినములో నీరు రెండు డిగ్రీలు పెరుగును. దీపముల వేడి ఇందు చేరలేదు. పగడములోని నాచు బ్రతుకుటకు సూర్యకాంతివంటి వెలుతురు కావలెను గనుక దీపము ఆర్పుటకు వీలులేదు.

అయినచో చల్లార్చు టెట్లు? మంచు వేయుదమని పిల్లలందురు. ఉప్పునీటిలో మంచు కరగిన ఉప్పు పలుచనగును గాన దానిని సీసాలో మూతపెట్టి తొట్టిలో తేల్చవలెను. ఒక కిలో మంచు కరగి తొట్టినీటి వేడిమికి వచ్చులోపల 200 లీటర్లను అర డిగ్రీ మాత్రమే తగ్గించును. నీరు 34 డిగ్రీలున్నచో 26కు తెచ్చుటకు 15 కిలోల మంచు కావలెను. అదియు ఒక్క పర్యాయమునకే. సాయంకాలమునకు నీరు మరల వేడెక్కును. ఇంతలో ఉష్ణోగ్రత పైకి క్రిందికి ఊగిసలాడి పగడమునకు మరింత కీడు కలుగును.

ఇక రెండవ యుపాయము మన యింటి మూలనే యున్నది. రంజనులోని నీరు చల్లగా నుండుటకు కారణమేమి? మట్టి రంధ్రములగుండ చెమర్చిన నీరు ఆవిరియగుచు లోపలి నీటినుండి వేడిని తీసికొని పోవును. తొట్టి నీటిపై చిన్న పంకా తిప్పిన జరుగునదియు ఇదియే. దీని బలమెంతటిదో చూడుడు: 200 లీటర్లలో ఒక్క లీటరు ఆవిరియైన మిగిలినది ఇంచుమించు మూడు డిగ్రీలు చల్లబడును. మంచుతో 15 కిలోలు కావలసిన పని మూడు లీటర్లకు లోపు నీటియావిరితో నెరవేరును. కుమ్మరి చేతి రంజనునకు ఎదురుగా మంచుపెట్టె యింత చిన్నబోవునని మేము లెక్కవేసి చూచువరకు అనుకొనలేదు. బాష్పీభవనము, గుప్తోష్ణము అను మాటలను పరీక్షకొరకు వల్లెవేయు విద్యార్థులు ఇంటికి పోయి రంజను ప్రక్కన చేయిపెట్టి చూచిన మేలు.

ఇట్లనగా, మన వేసవిలో పంకాతోనే పగడములను పెంచవచ్చును గదా యని చురుకైన విద్యార్థి అడుగవచ్చును. నిజమునకు వైశాఖమాసము పగడమునకు మనమనుకొన్నంత శత్రువు కాదు. అసలు శత్రువు శ్రావణము. విదర్భలో కూలరు లేని యిల్లు అరుదు. మే నెలలో అది హాయిగా చల్లనిగాలి నిచ్చును; వానలు పడినమీదట అదే కూలరు ఒంటిని జిడ్డుచేయును తప్ప చల్లబరుపదు. గాలి పొడిగా నున్నప్పుడు నీరు త్వరగా ఆవిరియగును. గాలిలో తేమ నిండియున్నప్పుడు ఆవిరికి చోటుండదు. దీనిని కొలుచుట మిక్కిలి సులభము. థర్మామీటరు కొనకు తడిగుడ్డ చుట్టి పంకా గాలికి పెట్టుడు. అది చూపు అంకెయే తడిబల్బు ఉష్ణోగ్రత. ఆవిరి మూలమున నీరు అంతకంటె చల్లబడజాలదు. గాలి 42 డిగ్రీలు, తేమ నూటికి 15 పాళ్ళు ఉన్నప్పుడు ఆ హద్దు 22 డిగ్రీలు. గాలి 32 మాత్రమే యైనను తేమ నూటికి 80 పాళ్ళు ఉన్నచో హద్దు 29. అనగా రోహిణి యెండలలో పంకా గాలితో 26నకు దాపుగా తేగల తొట్టిని, ఎండ తగ్గి మనము ఊపిరి పీల్చుకొను ఉక్క దినములలో 29కి దిగువకు తేలేము. మోటారు వేడి దానిపై చేరును. మృగశిర నాడు చేప తినుటకు సంతోషించు మనకు, తొట్టిలోని చేప కష్టము ఆనాటితోనే మొదలగునని తోచదు.

ఆవిరియగునది నీరే కాని ఉప్పు కాదు. సముద్రపు నీటిలో లీటరునకు సుమారు 35 గ్రాముల ఉప్పుండును. దినమునకు రెండు లీటర్ల చొప్పున ఐదు దినములు ఆవిరియై, ఎవరును మంచినీరు చేర్చనిచో ఆ 35 గ్రాములు 37కు దగ్గరకు వచ్చును. కావున పంకా పెట్టినవారు ప్రతిదినము తప్పక శుద్ధమైన మంచినీరు పోయుచుండవలెను. ఇది పెద్ద పని కాదు. కాని మరచుటకు వీలులేని పని.

మిగిలినది శీతలయంత్రము. అది చిన్న ఫ్రిజ్జు వంటిది; నీటిని తనగుండ పోనిచ్చి చల్లబరచును. ఇప్పుడు వానకాలమైనను భయములేదు. కాని నీటినుండి తీసిన వేడిని అది ఆ గదిలోనికే వదలును గాన గదికి గాలి రాకపోకలుండవలెను. వెల వేలతో కాదు, పదివేలతో లెక్కపెట్టవలసినది. అన్నింటికంటె ముఖ్యముగా, దానికి కరెంటు ఎడతెగక కావలెను. గాలివానకు కొమ్మ విరిగి తీగలపై పడిన ఎన్ని గంటలకు దీపము వెలుగునో మన యూరివారికి వేరుగ చెప్పనక్కరలేదు. ఆ గంటలలో శీతలయంత్రము ఆగును. అంతకు మించి మోటారు ఆగును. నీరు కదలనిచో గాలిలోని ప్రాణవాయువు అందులో చేరదు. వేడినీరు అసలే ప్రాణవాయువును తక్కువ పట్టుకొనును. అదే వేళ వేడికి జంతువుల శరీరము ఎక్కువ ప్రాణవాయువును కోరును. ఆదాయము తగ్గి ఖర్చు పెరిగిన సంసారమువలె తొట్టి ఒక్కరాత్రిలో కూలిపోవును. 2022 జూలైలో గోదావరి పొంగి సిరొంచ తాలూకా గ్రామములను ముంచినప్పుడు మనుష్యులే ఇండ్లు విడిచిపోవలసివచ్చెను. అట్టి వేళ పాఠశాల గదిలోని పగడములను చూచువారెవ్వరు?

చలికాలమును గూర్చి ఒక్క మాట. పుష్యమాసపు రాత్రులలో నీరు చల్లబడకుండ వేడిచేయు కడ్డీ పెట్టవలెను. అది చౌకయైనదియు సులువైనదియు గాన దానిని ఆక్షేపణగా మేము చెప్పుటలేదు.

న్యాయము మాట కలదు. పగడపు దిబ్బలను కట్టు జీవులు 2001 నుండి వన్యప్రాణి సంరక్షణ చట్టపు మొదటి షెడ్యూలులో నున్నవి. మన సముద్రములనుండి వానిని పెకలించుట గాని అమ్ముట గాని నేరము. పులిని చంపుటయు పగడమును పెకలించుటయు చట్టము దృష్టిలో ఒకే పట్టికలోనివి. దుకాణదారు 'ఇది పరదేశపుది' అని చెప్పినంత మాత్రమున పాఠశాల నిశ్చింతగా నుండరాదు. నీమో చేప సంగతి కొంత మేలు. దానిని తొట్టెలలోనే గ్రుడ్లు పెట్టించి పెంచు పద్ధతిని మన దేశపు సముద్ర మత్స్య పరిశోధన సంస్థ రూపొందించినది. ఐనను దానికిని నీటి వేడి నిలుకడగా నుండవలసినదే.

నాగపూరులోనో హైదరాబాదులోనో ఇంటియందు ఏసీ గది, కరెంటు పోయిన వెంటనే అందుకొను ఇన్వర్టరు, తొట్టిని పిల్లవానివలె కనిపెట్టుకొనియుండు యజమాని కలచోట ఈ తొట్లు ఏండ్ల తరబడి వర్ధిల్లుట వాస్తవమే. వారి శ్రద్ధను మేము తక్కువచేయుట లేదు. అచట వీలైనది ఇచట వీలుకాదనుట మనకు చిన్నతనమును కాదు. మన బావుల లోతు వేరు, వారి కుళాయిల ధార వేరు.

ఈ మాటలన్నియు విని, తొట్టియే వలదని మేమనుచున్నట్లు తలపవలదు. పాఠశాలలో నీటితొట్టి తప్పక యుండవలెను. అది మన యేటిది కావలెను. వేపచెట్టు నీడలో సిమెంటు తొట్టి, చుట్టును తడిపిన గోనెపట్ట, నీటిపై సగము వరకు కప్పిన నీటిమొక్కలు, ఇంద్రావతిలో వలవేయు జాలరుల నడిగి తెచ్చిన పరకలు, ఒకటిరెండు కొరమీను పిల్లలు. కొరమీను పెరిగిన పరకలను మ్రింగును గాన దానికి వేరు తొట్టియైన మేలు. ఈ చేపలు మన యెండను ఎరిగినవి. ఎండకాలమున ఏరు సన్నగిల్లి మడుగులు మిగిలినప్పుడు కొరమీను నీటిపైకి వచ్చి నోటితో గాలి పీల్చి మరల మునుగును. దానికి నీటిలోని ప్రాణవాయువు ఒక్కటియే ఆధారము కాదు. 25 డిగ్రీల మంచినీటిలో లీటరునకు 8 మిల్లిగ్రాములకు పైబడి ప్రాణవాయువు కరగును. 35 డిగ్రీలలో ఏడే. ఈ ఒక్క మిల్లిగ్రాము లోటును మన చేప ఎట్లు తీర్చుకొనుచున్నదో విద్యార్థి తన కన్నులతో చూచును.

తొట్టి ప్రక్కన మూడు థర్మామీటర్లు వ్రేలాడవలెను: నీటిలో ఒకటి, గాలిలో ఒకటి, తడిగుడ్డ చుట్టినది ఒకటి. పాదరసపు వానికంటె ఎర్రద్రవపువి మేలు. పగిలినను ప్రమాదము తక్కువ. బడి తెరచిన వేళ, మధ్యాహ్న భోజనపు వేళ, సాయంకాలము విద్యార్థులు వంతులవారీగా మూడు అంకెలను ఒక పుస్తకములో వ్రాయవలెను. పుస్తకమును తెలుగులో వ్రాయుడు. పరీక్షింపవచ్చు అధికారి మరాఠీవారైనను అంకెలకు అనువాదమక్కరలేదు. శీర్షికలను మన పిల్లలు మరాఠీలో చదివి వినిపింపగలరు, అదియును వారికి వచ్చిన భాషయే. ఒక్క సంవత్సరమైన పిమ్మట చైత్రము మొదలు ఫాల్గుణము వరకు మన యూరి నీటి వేడి ఎట్లు నడచినదో చూపు రేఖ మన చేతిలో నుండును. ఏ పుస్తకములోను అది దొరకదు.

చందాలు వేయగోరిన పెద్దలకు మరియొక మనవి. మిగిలిన సొమ్ముతో పదవ తరగతివారిని ఇంద్రావతి దాటించి, జగదల్పూరు మీదుగా విశాఖపట్టణమునకు పంపుడు. పోటు తీసినప్పుడు అచటి రాళ్ళ గుంటలలో నిలిచిన నీటిలో చేయిపెట్టి, సముద్రపు నీటిలో చేయిపెట్టి, రెండింటి వేడిని పోల్చి వ్రాసికొనిరమ్మని చెప్పుడు. మన రాష్ట్రములోనే సింధుదుర్గ్ జిల్లా మాల్వణ్ తీరమున నిజమైన పగడములును కలవు. ప్రయాణము దూరమే. కాని పగడము ఇచటికి వచ్చి చచ్చుటకంటె మన పిల్లలు అచటికి పోయి చూచి వచ్చుట సులువు.

ఒక చిక్కు మిగిలియున్నది. మే నెలలో పాఠశాల మూతపడును. తొట్టికి నీరు పోయువారుండరు. పగడపు తొట్టియైనచో దీనికి విరుగుడు లేదు. మన తొట్టికి కలదు. ఏప్రిల్ చివర పరీక్షలు ముగిసిన సాయంకాలము పరకలను, కొరమీను పిల్లలను బిందెలో వేసికొని, బిందెకు తడిగుడ్డ చుట్టి, వానిని తెచ్చిన రేవునకే తీసికొనిపోయి లోతైన మడుగులో వదలవలెను. దుకాణములో కొన్న చేపనైతే ఏటిలో వదలరాదు. ఇవి ఆ యేటివే. బిందెను ఒక్కసారిగా కుమ్మరింపక, ఏటినీటిని కొంచెము కొంచెముగా బిందెలో కలిపి, రెండింటి వేడి సమానమైనదని థర్మామీటరు చూపిన తరువాత వంచుడు. జూన్ నెలాఖరున బడి తెరచిన పిదప జాలరులను మరల అడుగవచ్చును.